బొరుసు వైపు అమెరికా: రాష్ట్ర చిహ్నాలు, ఇంధనం, డబ్బు

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు ఈ సభలో చాలామందే ఉంటారు. అలాంటి ఇళ్లలో ఏదో ఒక సొరుగులో నాలుగైదు పావు డాలరు నాణేలు తప్పకుండా దొరుకుతాయి. ఇక్కడ అవి చెల్లవు, అలాగని పారేయబుద్ధీ కాదు. వాటిని చేతిలోకి తీసుకున్నవారు సాధారణంగా బొమ్మ వైపు చూసి, అది జార్జి వాషింగ్టన్ తల అని గుర్తుపట్టి, మళ్లీ సొరుగులో వేసేస్తారు. నేను మాత్రం ఈ పూట ఆ నాణేన్ని తిప్పి, బొరుసు వైపు నుంచి మాట్లాడదలచుకున్నాను.

1997లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 1999 నుంచి 2008 దాకా ఏడాదికి 5 రాష్ట్రాల చొప్పున, రాజ్యాంగాన్ని ఆమోదించిన క్రమంలో, ఆ తరువాత యూనియన్‌లో చేరిన క్రమంలో, ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క బొరుసుతో పావు డాలరు నాణేలు విడుదలయ్యాయి. మొదటిది డెలావేర్‌ది, చివరిది హవాయిది. ఒక్కొక్క నాణేన్నీ దాదాపు 10 వారాల పాటు మాత్రమే ముద్రించి ఆపేయడంతో, పిల్లలూ పెద్దలూ వాటిని ఏరి దాచుకోవడం మొదలుపెట్టారు. పదేళ్లలో 3,400 కోట్లకు పైగా నాణేలు టంకశాలల నుంచి బయటికి వచ్చాయి. ఇందులో సర్కారుకు గొప్ప సౌకర్యం ఒకటుంది. పావు డాలరు నాణెం తయారీకి అయ్యే ఖర్చు అప్పట్లో దాని ముఖవిలువలో సగం కూడా ఉండేది కాదు; దాన్ని జనం దుకాణంలో ఖర్చు పెట్టకుండా అట్టపెట్టెలో అమర్చి అటకెక్కిస్తే, ఆ తేడా అంతా ఖజానాకు మిగిలినట్టే. ప్రజలు సంతోషంగా, స్వచ్ఛందంగా, పన్ను అన్న మాట వినబడకుండా చెల్లించిన సొమ్ము ఇంత పెద్ద మొత్తంలో మరొకటి ఉంటుందని నేను అనుకోను.

నాణెం మీద ఏ బొమ్మ ఉండాలో సూచించే అవకాశం రాష్ట్రాలకే ఇచ్చారు. బతికున్నవారివి గానీ చనిపోయినవారివి గానీ తల, భుజాలతో కూడిన చిత్తరువులు వేయకూడదన్న నియమం ఉండడంతో, రాజకీయ నాయకుల బొమ్మల కోసం జరగవలసిన పోట్లాటలు చాలావరకు తప్పిపోయాయి. జార్జియా పీచ్ పండును ఎంచుకుంది. విస్కాన్సిన్ ఆవునూ, జున్నునూ, మొక్కజొన్న కంకినీ ఒకే నాణెంలో ఇరికించింది; డెన్వర్‌లో ముద్రించిన ఆ నాణేలలో కొన్నింటి మీద మొక్కజొన్నకు ఒక ఆకు అదనంగా కనబడడంతో, నాణేలు సేకరించేవారు వాటిని అసలు విలువకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నారు. కాన్సాస్ నాణెం అచ్చులో గ్రీజు పేరుకుపోయి, దేవుణ్ణి నమ్ముతున్నామని చెప్పే జాతీయ నినాదంలో ‘ట్రస్ట్’ అన్న మాటలోని మొదటి అక్షరం కొన్ని నాణేల మీద పడలేదు. ఆ భక్తివాక్యం కాస్తా ‘రస్ట్’, అంటే తుప్పు, అయి కూర్చుంది. న్యూ హాంప్‌షైర్ వారు తమ కొండ అంచున ముసలివాడి ముఖంలా కనబడే బండరాళ్లను 2000లో నాణెం మీదికి ఎక్కించారు. 2003 మే నెలలో ఆ రాళ్లు కూలిపోయాయి. కొండ మీది ముఖం పోయింది గానీ, జేబుల్లోని ముఖం ఇంకా తిరుగుతూనే ఉంది.

అయితే ఈ 50 నాణేలనూ వరసగా పేర్చి చూస్తే నాకు ఒక విషయం వింతగా తోచింది. చమురుతో బతికిన రాష్ట్రాలు ఉన్నాయి, బొగ్గుతో బతికిన రాష్ట్రాలు ఉన్నాయి. కానీ ఒక్క నాణెం మీద కూడా చమురు బావి లేదు, బొగ్గు గని లేదు. టెక్సాస్ నక్షత్రాన్ని వేసుకుంది. ఓక్లహోమా పొడుగాటి కత్తెర తోక ఉన్న తన రాష్ట్ర పక్షిని వేసుకుంది. అలాస్కా నోట చేపను కరచుకున్న ఎలుగుబంటిని, వ్యోమింగ్ ఎగిరి దూకే గుర్రాన్ని, వెస్ట్ వర్జీనియా లోయ మీది ఉక్కు వంతెనను ఎంచుకున్నాయి. ఇంధనం కాస్తయినా కనబడేది, నేను చూసినంతలో, యూటా నాణెం మీదనే. 1869 మే 10న ప్రామంటరీ అనే చోట తూర్పు నుంచీ పడమర నుంచీ వచ్చిన రైలుపట్టాలు కలిసిన దృశ్యం అది. ఎదురెదురుగా రెండు ఇంజన్లు, మధ్యలో బంగారు మేకు ఉంటాయి. ఆ రెండింటిలో పడమటి నుంచి వచ్చిన జూపిటర్ కట్టెలతో నడిచేది, తూర్పు నుంచి వచ్చిన 119వ నంబరు ఇంజను బొగ్గుతో నడిచేది. పోతున్న ఇంధనమూ వస్తున్న ఇంధనమూ ఒక పావు డాలరు మీద ముఖాముఖి నిలబడ్డాయన్నమాట.

నాణెం మీద వేసుకోవడానికి మొహమాటపడిన దానినే రాష్ట్రాలు తమ చట్టాలలో మాత్రం నిస్సంకోచంగా రాసుకున్నాయి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ పక్షి, పువ్వు, చెట్టు మాత్రమే కాదు, అధికారికంగా ఒక రాయి, ఒక ఖనిజం, ఒక పురుగు, ఒక గవ్వ, ఒక పానీయం ఇలా ఏదైనా ఉండవచ్చు. శాసనసభ తీర్మానిస్తే చాలు. యూటా 1991లో బొగ్గును తన రాష్ట్ర శిలగా ప్రకటించింది. కెంటకీ 1998లో బొగ్గును రాష్ట్ర ఖనిజం చేసి, ఆ తరువాత అగేట్ అనే రంగుచారల రత్నాన్ని రాష్ట్ర శిల చేసింది. భూగర్భ శాస్త్రం ప్రకారం బొగ్గు శిల, అగేట్ ఖనిజం. రెండు పీటలూ తారుమారయ్యాయని శాస్త్రజ్ఞులు చెప్పినా, చట్టం చట్టమే కనుక కెంటకీలో ఇప్పటికీ బొగ్గు ఖనిజంగానే చలామణి అవుతున్నది.

వెస్ట్ వర్జీనియా కథ ఇంకొంచెం నిలిచి చెప్పుకోవలసినది. 1863లో, అంతర్యుద్ధం మధ్యలో పుట్టిన ఆ రాష్ట్రం తన అధికార ముద్ర మీద ఒక బండరాయిని, దానికి ఒక వైపు రైతును, మరొక వైపు గునపం పట్టిన గని కార్మికుణ్ణి నిలబెట్టింది. అంటే బొగ్గు తవ్వేవాడు రాష్ట్రంతో పాటే పుట్టాడు. కానీ ఆ బొగ్గుకు రాష్ట్ర శిల హోదా 2009 దాకా రాలేదు. అది కూడా ఒక హైస్కూలు విద్యార్థిని సంతకాలు సేకరించి ఉద్యమం నడిపితే వచ్చింది. శతాబ్దంన్నర పాటు రాష్ట్రానికి కూడు పెట్టినప్పుడు ఎవరికీ తోచనిది అప్పుడే ఎందుకు తోచింది? ఆ సంవత్సరాలలోనే చవకైన సహజవాయువు వచ్చి బొగ్గును పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. 2008 తరువాత ఎనిమిదేళ్లలో ఆ రాష్ట్రపు బొగ్గు ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. బిరుదులు సాధారణంగా పదవీ విరమణ సభలోనే ఇస్తారు కదా! చిహ్నం హోదా అన్నది చాలాసార్లు ఆ వస్తువుకు గడ్డురోజులు వచ్చినప్పుడే దక్కుతుందని నా అభిప్రాయం. నేను ఈ పూట చెప్పదలచుకున్నది, ఒక్కమాటలో అడిగితే, ఇదే.

ఈ అభిప్రాయానికి సాక్ష్యం కోసం ఎంతో దూరం పోనక్కరలేదు. కాలిఫోర్నియా జెండా మీద ఉన్న గ్రిజ్లీ ఎలుగుబంటి 1920లలోనే ఆ రాష్ట్రంలో లేకుండా పోయింది. దాన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించినది 1953లో. ఇక ఇంధనం సంగతికి వస్తే, కనెటికట్ రాష్ట్ర జంతువు ఏమిటో ఊహించండి. అది స్పెర్మ్ వేల్ అనే తిమింగలం. పెట్రోలియం రాక ముందు అమెరికాలో దీపాలు వెలిగించిన నూనెలలో మేలురకం ఈ తిమింగలానిదే. దాని తలలో మైనం లాంటి పదార్థం బోలెడంత ఉంటుంది. దానితో చేసిన కొవ్వొత్తులు పొగ లేకుండా, వాసన లేకుండా, తెల్లగా వెలిగేవి. దాని కోసం కనెటికట్‌లోని న్యూ లండన్ వంటి రేవుల నుంచి ఓడలు బయలుదేరి, రెండు మూడేళ్ల పాటు పసిఫిక్ మహాసముద్రమంతా గాలించి, పీపాల నిండా నూనెతో తిరిగి వచ్చేవి. ఓడలో పనిచేసినవారికి నెలజీతం ఉండేది కాదు. వచ్చిన లాభంలో తలా ఒక వాటా. వేట దొరకకపోతే మూడేళ్ల కష్టమూ నీళ్లపాలే. 1841లో కట్టిన చార్లెస్ డబ్ల్యూ. మోర్గాన్ అనే ఆ కాలపు చెక్క ఓడ ఒకటి నేటికీ ఆ రాష్ట్రంలోని మిస్టిక్ రేవులో ప్రదర్శనకు ఉంది. 1970లో అమెరికా ప్రభుత్వం ఈ తిమింగలాన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. 1975లో కనెటికట్ దాన్ని రాష్ట్ర జంతువుగా చేసుకుంది.

తిమింగలాన్ని వేటగాడి ఈటె నుంచి కాపాడినది మానవ దయ కంటే కిరోసిన్ అని చెప్పడం కొంచెం అతిశయోక్తే గానీ, పూర్తిగా అబద్ధం కాదు. 1859 ఆగస్టు 27న పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో అరవై తొమ్మిదిన్నర అడుగుల లోతున చమురు కనబడింది. అంతకు ముందు ఊరివాళ్లు దాన్ని డ్రేక్ పిచ్చిపనిగా చెప్పుకొని నవ్వేవారు. నవ్వినవాళ్లే మరునాటి నుంచి పక్కపక్కన బావులు తవ్వడం మొదలుపెట్టారు. పీపా 20 డాలర్లు పలికిన చమురు 1861 చివరికల్లా 10 సెంట్లకు పడిపోయింది. చమురు ధర ఎక్కడం, దిగడం అనే జబ్బు ఆ పరిశ్రమకు పురిటిలోనే పట్టుకుందని గమనించాలి. ఇన్ని కోట్లకు దారి చూపిన డ్రేక్ తన పద్ధతికి పేటెంటు తీసుకోలేదు, పొదుపు చేసిన కాస్తా స్పెక్యులేషన్‌లో పోగొట్టుకున్నాడు. చివరికి 1873లో పెన్సిల్వేనియా శాసనసభ జాలిపడి ఏటా 1,500 డాలర్ల భత్యం మంజూరు చేసింది. ఆ రాష్ట్రం తరువాత తన అధికారిక పురుగుగా దేన్ని ఎంచుకుందో తెలుసా? 1974లో, బడిపిల్లల కోరిక మీద, మిణుగురును. చమురు దీపానికి పుట్టినిల్లయిన చోట, చుక్క చమురు లేకుండా, వేడి పుట్టించకుండా వెలిగే పురుగుకు పట్టం కట్టారు. దీని వెనుక ఎవరి వ్యంగ్యమూ లేదు, పిల్లల ముచ్చటే. కాబట్టే నాకు ఇది మరీ ఇష్టం.

ఓక్లహోమా వారికి ఇలాంటి మొహమాటాలేమీ లేవు. అక్కడ రాజధానిలోని శాసనసభ భవనం సరిగ్గా చమురు క్షేత్రం మీద కూర్చుని ఉంది. 1941లో భవనం ముందున్న పూలమడిలో డ్రిల్లింగు మొదలుపెట్టి, గొట్టాన్ని ఏటవాలుగా దించి, భవనం అడుగున ఉన్న చమురును పైకి తీశారు. పెటూనియా పూల మధ్య మొదలైంది కనుక ఆ బావికి పెటూనియా నంబర్ వన్ అని పేరు పెట్టారు. 1986 దాకా అది చమురు ఇచ్చింది. లోపల ఒక వైపు బడ్జెట్ మీద చర్చ జరుగుతుండగా కింద నుంచి రాబడి ఊరుతూ ఉండడమన్నది ఏ ఆర్థిక మంత్రికైనా కలలో వచ్చే దృశ్యమే. వ్యోమింగ్ అయితే దాచుకోవడం అనవసరమనుకొని, తన అధికార ముద్ర మీద పశువులు, గనులు, ధాన్యం, చమురు అని నాలుగు మాటలూ అక్షరాలా రాసేసుకుంది. నేడు దేశం మొత్తం మీద తవ్వే బొగ్గులో దాదాపు ఐదింట రెండు వంతులు ఆ ఒక్క రాష్ట్రానివే.

భూమిలో దొరికిన సొమ్మును ఏం చేయాలన్నది ఇంకొక ప్రశ్న. దానికి రెండు రాష్ట్రాలు చెప్పిన సమాధానాలు వినదగ్గవి. టెక్సాస్ 19వ శతాబ్దంలో తన విశ్వవిద్యాలయానికి పడమటి ప్రాంతంలో లక్షల ఎకరాల బీడుభూమి కేటాయించింది. పశువుల మేతకు తప్ప దేనికీ పనికిరాదని అందరూ అనుకున్న నేల అది. 1923 మే 28న అక్కడ శాంతా రీటా అనే బావిలో చమురు పడింది. క్రైస్తవ సంప్రదాయంలో శాంతా రీటా అసాధ్యమైన కోరికలను తీర్చే పునీతురాలు. చమురు తీసినవారు నేల యజమానికి చెల్లించే వాటాలు, అంటే రాయల్టీలు, అన్నీ ఒక శాశ్వత నిధికి చేరాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయమూ, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ కూడా దాని మీద వచ్చే ఆదాయాన్ని నేటికీ పంచుకుంటున్నాయి. మన పిల్లలు ఎంతోమంది ఆ విశ్వవిద్యాలయాలలో చదివారు, చదువుతున్నారు. ఆస్టిన్ ప్రాంగణంలో నిలబెట్టిన ఆ బావి తాలూకు పాత డ్రిల్లింగు రిగ్గు పక్కనుంచి నడిచిపోయేటప్పుడు, తమ ప్రయోగశాలల వెనుక ఎక్కడో దాని చమురు ఉందని వారికి తెలియవలసిన అవసరం ఉంది.

అలాస్కా దారి వేరు. 1968లో ప్రూడో బే దగ్గర చమురు బయటపడిన తరువాత, ఇదంతా ఒకే తరం వారు తిని కూర్చోకూడదని 1976లో రాజ్యాంగ సవరణ చేసి, ఖనిజ రాయల్టీలలో కనీసం నాలుగో వంతును శాశ్వత నిధిలో వేయాలని నిర్ణయించారు. ఆ నిధి లాభంలోంచి 1982లో మొదటిసారి, పసిపిల్లలతో సహా, అర్హత ఉన్న ప్రతి నివాసికీ 1,000 డాలర్ల చెక్కు పంపారు. అప్పటి నుంచి ఏటా పంపుతూనే ఉన్నారు. మొత్తం మాత్రం ఏడాదికొక రకంగా ఉంటుంది. రాష్ట్ర ఆదాయపు పన్నును అంతకు ముందే, 1980లో, ఎత్తేశారు. ఇంతా చేసి ఆ రాష్ట్రపు అధికారిక ఖనిజం బంగారం, శిలాజం మామత్ అనే రోమపుటేనుగు. చెక్కులు రాసే చమురుకు మాత్రం చిహ్నాల జాబితాలో చోటు దొరకలేదు. నా లెక్క ప్రకారం చమురుకు ఇంకా గడ్డురోజులు రాలేదు కాబోలు.

ఇప్పటిదాకా చెప్పినవి డబ్బు తెచ్చిపెట్టిన చిహ్నాలు. చిహ్నమే డబ్బుగా చలామణి అయిన సందర్భాలు కూడా ఉన్నాయి. రోడ్ ఐలండ్ రాష్ట్రపు గవ్వ క్వాహాగ్ అనే ఆల్చిప్ప. దాని లోపలి ఊదారంగు భాగాన్ని అక్కడి ఆదివాసులు సానబట్టి పూసలుగా గుచ్చేవారు. వారికి అవి ఒప్పందాలకూ గౌరవానికీ గుర్తులు. నాణేలు కరువైన ఆంగ్లేయ వలసదారులు 17వ శతాబ్దంలో వాటినే డబ్బుగా వాడుకున్నారు. తెల్లపూస కంటే ఊదాపూసకు విలువ రెట్టింపు. పడమటి తీరాన ఓరిగన్‌లో బీవరు అనే, నీళ్లలో తిరిగే బొచ్చు జంతువు తోలుదీ అదే పాత్ర. తోళ్ల వ్యాపారం తగ్గి, కాలిఫోర్నియా నుంచి బంగారు పొడి రావడం మొదలైనప్పుడు, 1849లో ఓరిగన్ సిటీలోని ఒక ప్రైవేటు సంస్థ ఆ బంగారంతో 5 డాలర్ల, 10 డాలర్ల నాణేలు కొట్టి, వాటి మీద బీవరు బొమ్మ వేసింది. ప్రభుత్వ నాణేల కంటే వాటిలో మేలిమి ఎక్కువ ఉండడం వల్ల, తరువాత జనం కరిగించుకోవడంతో అవి మిగలలేదు. ఇప్పుడు ఓరిగన్ జెండాకు రెండు వైపులా రెండు వేర్వేరు బొమ్మలుంటాయి. అమెరికా రాష్ట్రాలలో అలాంటి జెండా అదొక్కటే. దాని వెనుక వైపున ఉన్నది బీవరే. జెండాకు కూడా బొరుసు ఉంటుందన్నమాట.

ఇంధనమూ డబ్బూ అక్షరాలా ఒకటైపోయిన ఉదంతం హవాయిలో జరిగింది. పెర్ల్ హార్బర్ మీద దాడి తరువాత, జపాన్ సైన్యం దీవులను ఆక్రమించుకుంటే అక్కడి డాలర్లన్నీ శత్రువు చేతిలో పడతాయని ప్రభుత్వం భయపడింది. 1942లో జనం దగ్గరున్న మామూలు నోట్లను వెనక్కి తీసుకొని, వెనుక వైపు పెద్ద అక్షరాలతో హవాయి అని అచ్చువేసిన నోట్లు ఇచ్చారు. దీవులు చేజారితే ఆ నోట్లు చెల్లవని ఒక్క ప్రకటన చేస్తే సరిపోతుంది. మరి వెనక్కి వచ్చిన దాదాపు 20 కోట్ల డాలర్ల పాత నోట్లను ఏం చేయాలి? ఓడలో పంపితే దారిలో ప్రమాదం. మొదట ఒక దహనవాటికలో కాల్చారు. అది చాలకపోతే, అయియా అనే చోట ఉన్న చక్కెర మిల్లు కొలిమిలో కాల్చారు. చెరకు పిప్పి మండవలసిన కొలిమిలో డాలర్లు మండాయి.

చివరగా ఒక మనిషి సంగతి చెబుతాను, ఎందుకంటే చిహ్నం, ఇంధనం, డబ్బు అనే ఈ మూడు విషయాలూ ఆయనలోనే కలుస్తాయి. 100 డాలర్ల నోటు మీద ఉన్నది అధ్యక్షుడు కాదు, బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1752లో ఉరుములతో కూడిన వానలో గాలిపటం ఎగరేసి, మెరుపు కూడా విద్యుత్తేనని చూపించిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన వృత్తి ముద్రణ. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, డెలావేర్ వలస రాష్ట్రాలకు కాగితపు డబ్బు అచ్చువేసి ఇచ్చేవాడు. దొంగనోట్లను అరికట్టడానికి ఆయన పట్టిన ఉపాయం నిజమైన చెట్టు ఆకు. ఆకును అచ్చుగా పోతపోయించి నోటు మీద ముద్రిస్తే, దానిలోని సన్నని ఈనెలు ఏ చెక్కడపు పనివాడి చేతికీ లొంగవు, ఏ రెండు ఆకుల ఈనెలూ ఒకేలా ఉండవు. అది చాలదన్నట్టు, దొంగనోటు చేస్తే మరణశిక్ష అని కూడా అదే నోటు మీద అచ్చువేశాడు. నేటి 100 డాలర్ల నోటు మీద నీలిరంగు పట్టీ, సిరాబుడ్డి బొమ్మలో రంగు మారే గంట, వెలుతురుకు పట్టి చూస్తే కనబడే నీడచిత్రం ఉన్నాయి. ఫ్రాంక్లిన్ ఆకు మాత్రం లేదు.